మందు కొలిచే వేళ

మన తెలుగులో ‘మందు’ అనే మాట విచిత్రమైనది. జ్వరం తగ్గించేదీ మందే, పైరుకు చల్లేదీ మందే, సారా దుకాణంలో దొరికేదీ మందే, తుపాకిలో కూరేదీ మందే. ఉర్దూలో ‘దారూ’ అనే మాట కూడా ఇంచుమించు ఇదే దారిన నడిచింది. ఔషధానికీ, మద్యానికీ, తుపాకి మందుకూ ఆ ఒక్క మాటే చెల్లుతుంది. రెండు భాషలూ మాట్లాడే ఇంట పుట్టి, తెలుగు పాఠం చెప్పి బ్రతుకుతున్నవాణ్ణి కనుక ఈ ముచ్చట తరగతిలో ఎన్నోసార్లు చెప్పి విద్యార్థులను నవ్వించాను. అయితే అందులోని చివరి అర్థం మా ఇంట ఎన్నడూ నవ్వులాట కాలేదు.

మా తాతగారు పల్నాటి పల్లెలో బాణసంచా చేసేవారు. ఊరివారు ఆయనను ‘మందు సాయిబు’ అని పిలిచేవారు. శివరాత్రి తిరునాళ్ళకు తారాజువ్వలూ, దర్గా ఉరుసుకు చిచ్చుబుడ్లూ, పెళ్ళి ఊరేగింపులకు అవుట్లూ ఆయన చేతి మీదుగానే వెళ్ళేవి. స్వామివారి రథం కదిలే ముందు పేలే మొదటి అవుటు ఒక సాయిబు చేసినది కావడం ఆ ఊళ్ళో ఎవరికీ వింతగా తోచలేదు. 1969లో ఒకనాడు మందు పాకలో ప్రమాదం జరిగింది. తాతగారి కుడిచేతి మూడు వేళ్ళు పోయినవి. ఆ పాక మళ్ళీ లేవలేదు. ఆయన చిన్న చిల్లర కొట్టు పెట్టుకొని, ఎడమచేత్తో బెల్లం తూచుతూ మిగిలిన కాలం వెళ్ళబుచ్చారు. నా చిన్నతనపు జ్ఞాపకాలలో ఆయన చేయి ఎప్పుడూ తువ్వాలు కిందనే ఉండేది.

మా నాన్నగారిని మేము అబ్బా అని పిలుస్తాము. ఆయన ఆ ప్రమాదాన్ని గురించి ఒక్కనాడూ నోరు విప్పలేదు. దీపావళికి పొరుగువారు ప్రేమతో ఇచ్చిన కాకరపువ్వొత్తులను కూడా మర్యాదగా తిరిగి పంపేవారు. నేను డిగ్రీలో ఎన్.సి.సి.లో చేరి, .22 రైఫిలు పేల్చడానికి శిబిరానికి వెళతానన్నప్పుడు ‘వద్దు’ అన్న ఒక్క మాటతో ఆపివేశారు. తాతగారి వృత్తికి గుర్తుగా ఇంట మిగిలినది ఒకే ఒక్క వస్తువు. అది బొటనవ్రేలంత ఇత్తడి కొలత. అబ్బా ట్రంకుపెట్టె అడుగున, పాత దస్తావేజుల కింద ఉండేది. దాన్ని మేము ముట్టరాదు.

ఇటువంటి ఇంటి నుండి వెళ్ళిన మా అన్నయ్య అమెరికాలోని టెక్సాసు రాష్ట్రంలో ఇంజనీరుగా స్థిరపడ్డాడు. 2023 వేసవి సెలవులలో నేను అతని వద్దకు వెళ్ళాను. మొదటి ఆదివారం ఉదయమే నన్ను లేపి, కారు వెనుక ఉన్న చెక్కపెట్టె తెరిచి చూపాడు. అందులో ఒక రివాల్వరు ఉన్నది. దాని పక్కన ఇత్తడి మందుబుడ్డి, సీసపు గుండ్ల డబ్బా, ఒక చిన్న ఇత్తడి కొలత. ఆ కొలతను చూడగానే నా గుండె ఝల్లుమన్నది.

“అబ్బాకు చెప్పకు తమ్ముడూ” అన్నాడు అన్నయ్య.

అది ఇప్పటి తూటాల తుపాకి కాదు. 1858 నాటి పేటెంటు పేరిట ప్రసిద్ధమైన రెమింగ్టన్ సైనిక రివాల్వరుకు ఇటలీలో తయారైన నకలు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో, అంటే 1861 నుండి 1865 వరకు, సైనికులు వాడిన రివాల్వర్లు చాలావరకు ఈ రకానివే. సామ్యుయెల్ కోల్ట్ 1836లో అమెరికాలో పేటెంటు పొందిన నాటి నుండి, లోహపు తూటాలు వాడుకలోకి వచ్చే వరకు రివాల్వరు అంటే ఇదే. ఒక్కొక్క అరలో మందు పోసి, గుండు కూరి, వెనుక టోపీ తొడిగి పేల్చవలసినదే. ఉర్దూలో ‘టోపీదార్ బందూక్’ అనే మాట విన్నవారికి ఆ టోపీ ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. అందులో నలుసంత మందు ఉంటుంది. సుత్తి దెబ్బకు అది చిటిలి, నిప్పు లోపలి మందుకు అందుతుంది.

ఇటువంటి నకళ్ళను 1968 నాటి అమెరికా తుపాకుల చట్టం పురాతన వస్తువులుగా పరిగణిస్తుంది. కనుక మామూలు రివాల్వరుకు ఉండే కేంద్ర నిబంధనలు వీటికి వర్తించవు. రాష్ట్రాల చట్టాలు మాత్రం వేరు వేరు. మన దేశంలో పంట కాపలాకు నోటి నుండి మందు కూరే నాటు తుపాకి ఉంచుకోవాలన్నా 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు కావలసినదే. కాబట్టి విద్యార్థులు ఈ వ్యాసాన్ని చదివి ఆనందించవలసినదే గాని అనుకరించవలసినది కాదని ముందే మనవి చేస్తున్నాను.

ఊరికి దూరంగా, ఎర్రమట్టి దిబ్బ ఎదుట ఉన్నది ఆ కాల్పుల మైదానం. ఎనభై దాటిన ఒక తెల్లదొర అక్కడ కొత్తవారికి నేర్పుతూ ఉంటాడు. రెండేళ్ళ క్రితం మొదటిసారి వచ్చినప్పుడు, తన పేరు విని ఆ ముసలాయన ముఖం ఎట్లా మారుతుందోనని అన్నయ్య లోలోపల బెదిరాడట. ఆయన పేరు విని తల ఊపి, “కళ్ళకు అద్దాలు, చెవులకు మూతలు తెచ్చుకున్నావా?” అని మాత్రమే అడిగాడట. నన్నూ అదే అడిగాడు.

తరువాత ఆయన నేర్పిన క్రమం నమాజుకు ముందు వజూ చేసే క్రమంలాగా నా మనసులో నిలిచిపోయింది. దేని తరువాత ఏదో దానిదే వరుస. మొదట తుపాకి ఖాళీగా ఉన్నదని కంటితో చూడాలి. అరలలోని నూనె తుడవాలి. గుండు లేకుండా ఒక్కొక్క టోపీ పేల్చి దారి శుభ్రం చేయాలి. అప్పుడు తుపాకి మూతిని నేల మీది గడ్డిపరక వైపు ఉంచితే పరక కదలాలి. కదిలితే దారి తెరిచి ఉన్నట్లు. ఆపైన మందు. బుడ్డి నుండి నేరుగా అరలో పోయరాదు. లోపల ఎక్కడైనా నిప్పురవ్వ మిగిలి ఉంటే బుడ్డి మొత్తం చేతిలోనే పేలుతుంది. కనుక బుడ్డి నుండి కొలతకు, కొలత నుండి అరకు. మేము వాడినది 25 గ్రెయిన్లు, అంటే సుమారు గ్రామున్నర. దాని మీద కొవ్వు పూసిన ఉన్నిబిళ్ళ, ఆపైన మెత్తని సీసపు గుండు.

గుండు అర కన్నా వెంట్రుకవాసి పెద్దది. గొట్టం కిందనున్న మీటతో లోపలికి నొక్కినప్పుడు అంచు చెక్కుకొని, సీసపు ఉంగరం ఒకటి సన్నగా ఊడి పడుతుంది. ఆ ఉంగరం పూర్తిగా వస్తే గుండు బిగువుగా కూర్చున్నదని గుర్తు. వదులుగా ఉంటే పక్క అరలోని నిప్పు దీనికీ అంటుకొని, అన్నీ ఒక్కసారే పేలే ప్రమాదం ఉన్నది. మందుకూ గుండుకూ నడుమ ఖాళీ ఉండరాదు. ఆరు అరలలో అయిదే నింపి, ఖాళీ అరను సుత్తి కిందికి తేవాలి. చిట్టచివరకు, మైదానం వైపు తిరిగి నిలబడిన తరువాతనే టోపీలు తొడగాలి. ఇక అన్నిటికన్నా గట్టి నియమం: ఈ తుపాకిలో నల్లమందు, లేదా దానికి బదులుగా ఇందుకోసమే తయారైన మందు తప్ప, ఇప్పటి తూటాలలో వాడే పొగలేని మందు ఆవగింజంత కూడా వేయరాదు. వేస్తే తుపాకీ మిగలదు, చేయీ మిగలదు.

నేను పది గజాల దూరంలోని కాగితానికి గురిపెట్టాను. పేలింది. ఇప్పటి తుపాకిలాగా చెవులు చీల్చే మోత కాదు, గుమ్మటంలో ఎవరో బరువైన తలుపు మూసినట్లు ధ్వని. ఎదుట తెల్లని పొగ గోడలాగా లేచింది. కాగితం కనపడలేదు. పొగతోపాటు గంధకపు వాసన వచ్చింది. ఆ వాసన నాకు తెలుసు. తాతగారి పాత కోటు నాన్నమ్మ ఏటేటా ఎండలో వేసేది. దాని మడతలలో ఉండేది ఆ వాసన. అయిదు గుండ్లలో రెండు కాగితానికి తగిలినవి. ముసలాయన సంతోషించాడు. నేను మాత్రం కళ్ళు తుడుచుకొని, పొగ వల్లనని చెప్పాను.

రెండవ విడతలో తప్పు చేశాను. మందు కొలుస్తూ అన్నయ్యతో మాటలలో పడ్డాను. గురిపెట్టి మీట నొక్కితే మూడవ అర దగ్గర టోపీ మాత్రం చిటిలింది, తుపాకి పేలలేదు. తిప్పి చూడబోయాను. “కదలకు!” అన్నాడు ముసలాయన. మూతి దిబ్బ వైపే ఉంచి ఒక నిమిషం నిలబడమన్నాడు. లోపల నిప్పు రాజుకొని ఆలస్యంగా పేలవచ్చునట. ఆ నిమిషం ఎంత దీర్ఘమైనదో చెప్పలేను. తరువాత మిగిలిన రెండూ పేల్చి ఖాళీ చేయించి, సిలిండరు విప్పి చూపాడు. ఆ అరలోని గుండు చాలా లోతుకు దిగి ఉన్నది. నేను అందులో మందే పోయలేదు! వెనుక ముక్కు విప్పి, సన్నని కడ్డీతో గుండును బయటికి నెడుతూ ఆయన అన్నాడు: “ఈసారి మందు లేకుండా కూరావు. ఇంకొకసారి రెండింతలు పోస్తావు. కొలత చేతిలో ఉన్నప్పుడు మాట్లాడకు.”

నేను నిశ్చేష్టుడనైనాను. “మందు పాకలో మాట్లాడరాదు” అన్నది తాతగారి శాసనమని నాన్నమ్మ చెప్పేది. ఆ పాకలో ఇనుము ఉండరాదు, అంతా చెక్క, రాగి, ఇత్తడి. చెప్పులు బయటే విడవాలి. మాట కూడా బయటే విడవాలి. పల్నాటి పాకలో సాయిబు చెప్పిన మాటనే, సముద్రాలకు ఆవల మరొక ముసలివాడు నాకు చెప్పాడు.

తరువాత పుస్తకాలు తిరగవేస్తే మరొక బంధుత్వం తెలిసింది. నల్లమందులో పాళ్ళు పెద్దవి సురేకారానివి. ఉర్దూలో షోరా అంటాము. 19వ శతాబ్దంలో ప్రపంచానికి ఆ సురేకారాన్ని పెద్ద ఎత్తున ఇచ్చినది మన దేశం, ముఖ్యంగా బీహారు. అక్కడి నోనియాలు మట్టి గోకి, నీళ్ళలో వడగట్టి, కాచి తీసిన సరుకు అది. 1861లో అంతర్యుద్ధం మొదలైన కొద్ది నెలలకే ఉత్తరాది ప్రభుత్వం కోసం లామట్ డ్యుపాంట్ అనే మందు వ్యాపారి ఇంగ్లండు వెళ్ళి, రెండువేల టన్నులకు పైగా భారతీయ సురేకారం కొన్నాడు. ఆ కాలపు అమెరికా తుపాకులలో పేలిన మందులో మన మట్టి ఉన్నదన్న మాట. ఆ మట్టి గోకిన చేతుల పేర్లు మాత్రం ఏ చరిత్రలోనూ లేవు.

పేల్చడం ఒక వంతు, కడగడం రెండు వంతులు. నల్లమందు కాలినప్పుడు సగానికి పైగా ఘనపదార్థంగానే మిగిలి, గాలిలోని తేమను పీల్చి ఇనుమును తింటుంది. ఆ సాయంత్రమే వేడినీళ్ళు, సబ్బుతో తోమి, ఆరబెట్టి, నూనె పట్టించాలి. సీసం విషం గనుక వంటింటి తొట్టిలో కడగరాదు. పెరట్లో బకెట్టు ముందు కూర్చొని తోముతున్న మమ్మల్ని చూసి, “వంటగిన్నెలకు ఎప్పుడైనా ఈ భాగ్యం పట్టిందా?” అని వదిన నవ్వింది. ఆ సెలవులలో మరి నాలుగు ఆదివారాలు వెళ్ళాను. చివరి రోజున అయిదింటికి అయిదూ కాగితానికి తగిలినవి. కాని నాకు ఎక్కువ తృప్తినిచ్చినది అది కాదు. ఆ నాలుగు వారాలలో కొలత చేతిలో ఉండగా నేను ఒక్క మాటా మాట్లాడలేదు.

ఇంటికి తిరిగివచ్చిన పదిరోజులకు అబ్బాకు అంతా చెప్పివేశాను. దాచి ఉంచడం నా వల్ల కాలేదు. ఆయన కోపగించుకుంటారనుకున్నాను. చాలాసేపు మౌనంగా ఉండి, “కొలత దేనితో చేసినది?” అని అడిగారు. ఇత్తడి అన్నాను. లేచి వెళ్ళి ట్రంకుపెట్టె తెరిచి తాతగారి కొలత తెచ్చి నా అరచేతిలో పెట్టారు.

“ఆ రోజు తిరునాళ్ళ ఆర్డరు ఆలస్యమై తొందరలో ఉన్నారు. నాకు పన్నెండేళ్ళు. అన్నం తెచ్చి, గుమ్మంలో నుండి ‘అబ్బా!’ అని పిలిచాను. తిరిగి చూశారు. అంతే.”

యాభై ఏళ్ళకు పైగా ఆయన దాచుకున్న మాట అది. మాకు కాకరపువ్వొత్తి కూడా దక్కనివ్వని ఆ కాఠిన్యం వెనుక ఉన్నది ఆ ఒక్క పిలుపు. ఏమనవలసినదో నాకు తోచలేదు. కాసేపటికి, ఆ ముసలాయన నన్ను ఒక నిమిషం కదలనీయకుండా నిలబెట్టిన సంగతి చెప్పాను. అబ్బా శ్రద్ధగా విన్నారు. “మంచి ఉస్తాదు” అన్నారు. ఆ రాత్రి అన్నయ్యకు తానే ఫోను చేసి, “చేతులు జాగ్రత్త” అని మాత్రం చెప్పి పెట్టివేశారు.

విద్యార్థి మిత్రులారా! మీలో ఎక్కువమంది ఎన్నడూ తుపాకి ముట్టరు, ముట్టవలసిన అవసరమూ లేదు. కాని ఏ పనిలోనైనా మందు కొలిచే వేళ అనేది ఒకటి ఉంటుంది. ఆ వేళ మాటను గుమ్మం బయట విడవండి. ఎవరైనా ఆ పనిలో ఉన్నప్పుడు మీరు గుమ్మంలో నిలబడితే, పిలవకండి. అన్నం చల్లారినా ఫరవాలేదు, కాసేపు వేచి ఉండండి.

తాతగారి కొలత ఇప్పుడు నా బల్ల మీద, జవాబు పత్రాల పక్కన ఉన్నది.