టెన్సులు మార్కుల కోసమే కాదు, మన పోడు కాగితాల కోసం కూడా



కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి. విషయం ఇంగ్లీషు టెన్సులు. ఆ పేరు వినగానే కిందికి జరిపెయ్యకండి, ఇందులో పోడు భూమి కూడా ఉంది.

మేము డిగ్రీ చదివే హాస్టల్ పిల్లలం. రూంలో ఆరుగురం: ముగ్గురు కోయలు, ఒక కొండరెడ్డి, ఇద్దరు లంబాడీలు. ఆరు ఇళ్లల్లోనూ కాలేజీ మెట్టు ఎక్కిన మొదటోళ్లం మేమే. ఇంటర్ దాకా తెలుగు మీడియం, డిగ్రీకి వచ్చేసరికి పుస్తకాలన్నీ ఇంగ్లీషు. అందుకని రోజూ రాత్రి భోజనాలయ్యాక ఒక గంట కూర్చుని ఒకరికొకరం చెప్పుకోవడం మొదలుపెట్టాం. ముందు పన్నెండు టెన్సుల చార్టు గోడకి అంటించాం. చార్టు చూస్తే ఫార్ములా గుర్తుంటుంది గానీ నోట్లోంచి మాట రాదు. ఇంట్లో మాట్లాడే మాటని తీసుకుని, దాని పక్కన ఇంగ్లీషు పెట్టి చూడటం మొదలుపెట్టాక దారి దొరికింది. ఆ దారే ఇక్కడ రాస్తున్నాం.

మొదటిది. "వెళ్తాను" అనే మాట మనకి రెండు పనులు చేస్తుంది. "రోజూ కాలేజీకి వెళ్తాను" అంటాం, "రేపు ఊరికి వెళ్తాను" అని కూడా అంటాం. మాట ఒకటే, "రోజూ", "రేపు" అనే మాటల్ని బట్టి అర్థం తెలిసిపోతుంది. ఇంగ్లీషు ఈ రెండింటినీ విడగొడుతుంది. రోజూ చేసేదైతే "ఐ గో", రేపు చేసేదైతే "ఐ విల్ గో". కాబట్టి "తాను, తాం" అని చివర వచ్చినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి, ఇది అలవాటా, రేపటి మాటా అని అడిగితే చాలు.

ఇక్కడే ఇంకో మాట. ఆయన అయితే "వెళ్తాడు", ఆమె అయితే "వెళ్తుంది", వాళ్లయితే "వెళ్తారు", మనమైతే "వెళ్తాం". క్రియ చివర ఇన్ని మార్పులు మనం చిన్నప్పటి నుంచి ఆలోచించకుండా చేస్తున్నాం. ఇంగ్లీషులో ఈ చోట ఉన్నది ఒక్క "ఎస్". హి గోస్, షి గోస్. మిగతా అందరికీ గో. ఇన్ని మోసేవాళ్లకి ఆ ఒక్క ఎస్ బరువు కాదు.

రెండోది, "డిడ్ నాట్". చాలామంది నోట "డిడ్ నాట్ కేమ్" అని వచ్చేస్తుంది. దానికి మందు తెలుగులోనే ఉంది. "వచ్చాను" అనే మాటకి ఎదురు మాట ఏంటి? "రాలేదు". "వచ్చాను లేదు" అని ఎవరూ అనరు కదా. "లేదు" వచ్చి పక్కన చేరగానే "వచ్చాను" పోయి ఉత్త "రా" మిగిలింది. జరిగిపోయిన కాలాన్ని "లేదు" మోస్తోంది. ఇంగ్లీషులో "డిడ్" చేసే పని కూడా అదే. కాలాన్ని డిడ్ ఎత్తుకుంది కాబట్టి పక్కనున్న క్రియ ఉత్తదిగా "కమ్" అనే ఉంటుంది. తిన్నాను, తినలేదు. ఏట్, డిడ్ నాట్ ఈట్. రెండు భాషలూ ఒకే పద్ధతి.

మూడోది, ఆ "రాలేదు"లోనే ఇంకో చిక్కు ఉంది. "నిన్న బస్సు రాలేదు", "స్కాలర్‌షిప్ ఇంకా రాలేదు". మనకి రెండూ రాలేదే. ఇంగ్లీషులో మొదటిది "డిడ్ నాట్ కమ్", ఆ కథ నిన్నటితో అయిపోయింది. రెండోది "హ్యాజ్ నాట్ కమ్", ఇప్పటికీ ఎదురు చూస్తున్నాం అని. "ఇంకా", "ఇప్పటికే" అనే మాటలు పెట్టి చూడండి. అవి అతికితే చాలాసార్లు హ్యావ్ గానీ హ్యాజ్ గానీ వస్తుంది, దాని వెనక క్రియ మూడో రూపం. నిన్న, పోయిన ఏడాది, 2019లో అని టైము చెప్పేస్తే మాత్రం హ్యావ్ రాదు, ఉత్త పాస్టే.

నాలుగోది "అప్పటికే". "మేము స్టాండుకి వెళ్లేసరికి బస్సు వెళ్లిపోయింది." రెండూ జరిగిపోయినవే, కానీ బస్సు ముందు వెళ్లింది, మేము తర్వాత చేరాం. ముందు జరిగినదానికి ఇంగ్లీషు "హ్యాడ్" పెడుతుంది. "ద బస్ హ్యాడ్ లెఫ్ట్." పోయిన కాలంలో ఒక చోట నిలబడి, అక్కడి నుంచి ఇంకా వెనక్కి చూడటమే హ్యాడ్.

అయిదోది "నుంచి". "మూడేళ్ల నుంచి హాస్టల్లో ఉంటున్నాం" అనే వాక్యంలో "ఉంటున్నాం" చూసి "వీ ఆర్ స్టేయింగ్" అనాలనిపిస్తుంది. కానీ "నుంచి" ఉంది కాబట్టి "వీ హ్యావ్ బీన్ స్టేయింగ్". వెనకాల మొదలై ఇప్పటిదాకా తెగకుండా వచ్చింది అని అర్థం. మొదలైన రోజో, ఏడాదో చెబితే "సిన్స్ 2005". ఎన్నేళ్లో లెక్క చెబితే "ఫర్ ట్వంటీ ఇయర్స్".

ఇక పోడు సంగతికి వద్దాం. ఇదంతా రాయడానికి కారణం అదే.

అటవీ హక్కుల చట్టం, 2006 మనందరికీ తెలిసిందే. సెమిస్టర్ సెలవుల్లో మా రూంలో కొందరం దాని ఇంగ్లీషు కాపీ ప్రింటు తీసుకుని, పెన్సిల్‌తో క్రియల కింద గీతలు గీసుకుంటూ చదివాం. ఆ చట్టంలో మూడు చోట్ల మూడు టెన్సులు ఉన్నాయి. అటవీ ఎస్టీలు ఎవరు అని చెప్పేచోట "రిసైడ్" అని, "డిపెండ్" అని ఉంది. అది సింపుల్ ప్రెజెంట్, మన "ఉంటాం, బతుకుతాం". చట్టం మొదట్లో, తరతరాలుగా అడవిలో ఉంటూ వస్తున్నవాళ్లు అని చెప్పేచోట "హ్యావ్ బీన్ రిసైడింగ్" అని ఉంది. నాలుగో సెక్షన్‌లో, 2005 డిసెంబర్ 13 కంటే ముందే భూమి మీద ఉండాలి అనేచోట "హ్యాడ్ ఆక్యుపైడ్" అని ఉంది.

అంటే చట్టం మనల్ని మూడు ప్రశ్నలు అడుగుతోంది. ఇవాళ అక్కడ ఉంటున్నారా? తరాల నుంచి తెగకుండా ఉంటూ వస్తున్నారా? ఆ తేదీ నాటికే భూమి మీద ఉన్నారా? ఒక్కో ప్రశ్న ఒక్కో టెన్సులో ఉంది. చార్టులో ఉన్న పన్నెండు గళ్లల్లో మూడింటి మీద మన ఇళ్ల భూమి ఆధారపడి ఉంది.

క్లెయిమ్ ఫారం తెలుగులోనే నింపుతాం, గ్రామసభలో తెలుగులోనో మన భాషలోనో మాట్లాడతాం, దానికి ఇంగ్లీషు అక్కర్లేదు. కానీ కాగితం పైకి వెళ్లేకొద్దీ భాష మారుతుంది. హైకోర్టులో, సుప్రీంకోర్టులో పని ఇంగ్లీషులోనే జరుగుతుంది, రాజ్యాంగం 348వ ఆర్టికల్ అలా చెప్తోంది. తిరస్కరించిన క్లెయిముల వాళ్లని ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరి 13న చెప్పింది, మళ్లీ ఫిబ్రవరి 28న ఆ ఉత్తర్వుని ఆపింది. ఆ రెండు వారాలు మన పల్లెల్లో ఎలా గడిచాయో గుర్తున్నవాళ్లు ఈ గ్రూపులో చాలామంది ఉంటారు. అక్కడ నడిచిందంతా ఇంగ్లీషు కాగితాల మీదే.

మాలో ఒకరి ఊళ్లో పోడు క్లెయిమ్ పెండింగులో ఉంది. ఊరి పెద్దల వాంగ్మూలాన్ని రాసి ఇస్తే అది కూడా సాక్ష్యమే అని ఆ చట్టం రూల్సులో ఉంది. కేసు చూస్తున్న లాయరక్క ఆ వాంగ్మూలం సారాంశం ఇంగ్లీషులో పంపమన్నారు. తాత చెప్పిన మొదటి మాట ఇది: "మా నాయన కాలం నుంచి ఈ చేను దున్నుకుంటున్నాం."

దాన్ని "వీ ఆర్ కల్టివేటింగ్" అని రాశామనుకోండి, ఇప్పుడు దున్నుతున్నాం అనే వస్తుంది, ఎప్పుడు మొదలైందో ఉండదు. "వీ కల్టివేటెడ్" అని రాస్తే ఒకప్పుడు దున్నాం, అయిపోయింది అన్నట్టు ఉంటుంది. "వీ హ్యావ్ బీన్ కల్టివేటింగ్ దిస్ లాండ్ సిన్స్ మై ఫాదర్స్ టైమ్" అని రాస్తేనే తాత మాట తాత మాటలా ఉంటుంది. మేము అలాగే రాశాం.

తాత రెండో మాట ఇంకా జాగ్రత్తగా చూడాల్సింది. "అప్పట్లో జొన్నలు, సామలు వేసేవాళ్లం" అన్నాడు. "వేసేవాళ్లం" అంటే ఇంగ్లీషులో "యూస్డ్ టు గ్రో". కానీ యూస్డ్ టు అంటే ఇప్పుడు ఆ పని లేదు అనే అర్థం వస్తుంది. తాత మానేసింది జొన్నల్ని, భూమిని కాదు. ఇప్పుడు అదే చేలో పత్తి వేస్తున్నారు. అందుకని ఆ వాక్యం వెనకాలే "వీ నౌ గ్రో కాటన్ ఆన్ ద సేమ్ లాండ్" అని ఇంకో వాక్యం కలిపాం. పంట మారింది, చేను అదే అని. కలపాలా అని తాతనే అడిగాం. "అదే కదరా నేను చెప్పేది" అన్నాడు.

ఆ క్లెయిమ్ ఇంకా తేలలేదు. ఇంగ్లీషులో "హ్యాజ్ నాట్ బీన్ డిసైడెడ్". ఇలాంటప్పుడు డిడ్ నాట్ రాయకూడదని ఇప్పుడు మా రూంలో అందరికీ తెలుసు.

చట్టాలు చదివేవాళ్లకి ఇంకో చిన్న మాట. "షల్" కనబడితే భవిష్యత్తు అనుకోవద్దు. పెసా చట్టం 1996లో, షెడ్యూల్డ్ ప్రాంతంలో భూసేకరణకి ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలి అనేచోట "షల్ బి కన్సల్టెడ్" అని ఉంది. ఎప్పుడో ఒకరోజు అడుగుతారు అని కాదు, అడిగి తీరాలి అని. అదే "మే" అని ఉంటే సాధారణంగా చేయొచ్చు అనే అర్థం. మీటింగులో ఎవరైనా కాగితం చదివి వినిపిస్తుంటే ఈ రెండు మాటల దగ్గర చెవి పెట్టండి.

భాషల విషయానికొస్తే, కోయ, గోండి, తెలుగు ఒకే ద్రావిడ కుటుంబం. లంబాడీ హిందీ, గుజరాతీ ఉన్న కుటుంబంలోది. సవర ముండా కుటుంబంలోది. కాబట్టి పైన చెప్పిన తెలుగు కిటుకులు అందరికీ ఒకేలా అతకవు. మా లంబాడీ తమ్ముళ్లు వాళ్ల భాషలో వాక్యం చెప్పి, అది ఎలా మారుతుందో వాళ్లే వెతుక్కుని ఇంకో నోట్‌బుక్ రాసుకుంటున్నారు. మీరూ అలా మొదలుపెట్టొచ్చు.

ఒక పని చేద్దామా? మీ ఇంట్లో తాతో, అవ్వో, అమ్మో భూమి గురించి చెప్పే ఒక్క వాక్యం కామెంట్‌లో రాయండి. ముందు మన భాషలో, తర్వాత తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో. ఊరి పేరు, మనిషి పేరు వద్దు. టెన్స్ దగ్గర అనుమానం ఉంటే ఉన్నట్టే పెట్టండి, ఎవరూ నవ్వరు, అందరం కలిసి చూద్దాం. పరీక్షలు అయ్యాక ఆ వాక్యాలన్నీ ఒక చోట చేర్చి, వాంగ్మూలాలు రాసేవాళ్లకి పనికొచ్చేలా మేము టైపు చేసి పెడతాం.

"పెడతాం" అన్నాం. ఇది అలవాటు కాదు, రేపటి మాట. విల్.

జై ఆదివాసీ.