ఇరమ్ మంజిలా? ఎర్ర మంజిలా?

ఖైరతాబాద్, పంజాగుట్ట మధ్య గుట్ట మీదున్న మహల్‌ను మా ఆఫీసులో అందరూ "ఎర్రమంజిల్" అంటారు. మా అమ్మీ "ఇరమ్ మంజిల్" అంటుంది. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినోణ్ణి కాబట్టి, ఏది సహీ అని రెండు వైపులవాళ్ళూ నన్నే అడుగుతారు. రెండూ సహీయే.

ఆ మహల్ కట్టించింది నవాబ్ ఫఖ్రుల్ ముల్క్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ జమానాలో పెద్ద అమీర్. ఆ గుట్టను జనం ఎర్రగడ్డ అనేవాళ్ళట. ఆ పిలుపుకు దగ్గరగా ఉన్న లఫ్జ్‌ను నవాబు ఫార్సీలో వెతికి, ఇరమ్ మంజిల్ అని పేరు పెట్టాడని చెప్తారు. ఇరమ్ అంటే జన్నత్‌లాంటి తోట. మహల్‌కు ఎర్ర రంగు కూడా వేయించాడట. రైతు నోట్లో ఎర్ర, మున్షీ కలంలో ఇరమ్. పిలుపు మాత్రం ఒక్కటే.

సూరయె ఫజ్ర్ జబానీ వచ్చిన మన పిల్లలకు ఇరమ్ కొత్త కాదు. పెద్ద పెద్ద స్తంభాలు కట్టిన ఆద్ ఖౌమ్ అంజామ్ వాళ్ళకు తెలుసు. షద్దాద్ తన జన్నత్‌లో అడుగు పెట్టకముందే రూహ్ పోయిన కిస్సా నానీల దగ్గర విన్నదే. ఇంత ఇబ్రత్ ఉన్న పేరును నవాబు తన ఇంటికే పెట్టుకున్నాడు!

150కి పైగా గదులున్న ఆ మహల్ తర్వాత సర్కారు చేతికొచ్చి ఇంజినీర్ల దఫ్తర్ అయ్యింది. 2019 జూన్‌లో దాన్ని కూల్చి కొత్త అసెంబ్లీ కట్టాలని రాష్ట్ర సర్కారు ఫైసలా చేసింది. నవాబు వారసులు, పాత కట్టడాలను కాపాడాలనేవాళ్ళు కోర్టుకు పోయారు. సెప్టెంబర్ 16న హైకోర్టు ఆ ఫైసలాను కొట్టేసింది.

అప్పుడు మా ఖాలూ ఒక సవాల్ వేశాడు: "నవాబుల మహల్ పోతే మనకేంది బేటా? మన దాదాలు ఆ గేటు లోపలికైనా పోయిండ్రా?"

పోలేదు. మా దాదా సైకిళ్ళు బాగుచేసి ఇల్లు నడిపిన మనిషి. ఆ దౌలత్‌లో మాకు హిస్సా లేదు. కానీ తెలుగు పల్లె పిలుపును చెవిపెట్టి విని, దాన్ని చెరపకుండా తన జబాన్‌లో జోడీ వెతికిన ఆ తమీజ్ మనందరి మీరాస్. ఉర్దూ బయటిదని ఎవరన్నా అంటే జవాబు ఆ పేరులోనే ఉంది.

కూల్చడాన్ని కోర్టు ఆపింది. మరమ్మతు సర్కారు చేయించాలి. పేరుకు మరమ్మతు మాత్రం మన ఇళ్ళల్లోనే జరగాలి. పిల్లలకు రెండు అర్థాలూ చెప్పండి.