హిమానీనదం ఒడ్డున కెన్నెకాట్

అలాస్కాలోని రాంగెల్ పర్వతాల్లో, కెన్నికాట్ హిమానీనదం పైనున్న కొండమీద 1900లో ఇద్దరు అన్వేషకులకు పచ్చటి మరక కనిపించింది. గుర్రాలకు మేత దొరికిందనుకున్నారట; తీరా చూస్తే రాగి ఖనిజం! దాన్ని సముద్రానికి చేర్చడమే అసలు సాహసం. అమెరికన్ పెట్టుబడిదారులు మోర్గన్, గుగ్గెన్‌హైమ్‌ల డబ్బుతో కార్డోవా రేవు నుంచి 196 మైళ్ల రైలుమార్గం 1911లో పూర్తయింది. గని దగ్గర కెన్నెకాట్ అనే ఊరు పుట్టింది; అందులో 14 అంతస్తుల మిల్లు, ఆసుపత్రి, బడి వెలిశాయి. అక్కడ మద్యం నిషిద్ధం; దానికోసం కార్మికులు పక్కనున్న మెకార్తీ ఊరికి పోయేవారు. మేలైన ఖనిజం తరిగిపోయి 1938లో చివరి రైలు కదిలింది, ఊరు ఖాళీ అయింది. 1998లో మిల్లును, ముఖ్య కట్టడాలను నేషనల్ పార్క్ సర్వీస్ కొన్నది. ఈలోగా హిమానీనదమూ బాగా కుంగింది. మంచును కప్పేసిన రాళ్లగుట్టలను చూసి, అవి గని వ్యర్థాలేనని సందర్శకులు ఇప్పటికీ పొరబడుతుంటారు.