మా సింగ్‌నగర్ ఇల్లు

మొన్న ఒక పేరంటంలో ఒకావిడ, "మీకేంటండీ, నెల తిరిగేసరికి మూడు వాటాల అద్దె వచ్చి పడుతుంది, కూర్చుని తినొచ్చు" అన్నారు. నవ్వి ఊరుకున్నాను. శనగల మూట చేతిలో పెట్టుకుని ఆ కథంతా ఏం చెబుతాం! ఇక్కడైతే తీరిగ్గా చెప్పుకోవచ్చు కదా అని రాస్తున్నాను.

మేం సత్యనారాయణపురంలో పద్నాలుగేళ్లు అద్దెకున్నాం. ఇల్లుగలావిడ మంచిదే కానీ, రాత్రి తొమ్మిది దాటాక మోటారు వెయ్యకూడదు, చుట్టాలొస్తే రెండు రోజులకి మించి ఉండకూడదు. అందుకే 2013లో మావారి పీఎఫ్ డబ్బు, నా గాజులు, బ్యాంకు లోను కలిపి ఏదన్నా కొందామనుకున్నప్పుడు నా మనసులో ఒకటే ఉంది. మనం కొంటే మనదగ్గర ఉండేవాళ్లు చుట్టాల్ని చూసి భయపడకూడదు. మాకు అందుబాటులో ఉన్న ధరకి రైలు పట్టాలకి ఇవతల ఏమీ దొరకలేదు. ఫ్లైఓవర్ దాటి సింగ్‌నగర్ వెళితే కింద రెండు వాటాలు, పైన ఒకటి ఉన్న పాత డాబా ఇల్లు చూపించాడు బ్రోకరు.

మావారు కాగితాలు చూస్తారు, నేను వీధి చూస్తాను. మా ఇద్దరికీ ఆ ఒప్పందం ఎప్పట్నుంచో ఉంది. ఆ ఇంటికి నేను మూడుసార్లు వెళ్లాను. పొద్దున్న ఆరింటికి ఒకసారి, కుళాయి దగ్గర గొడవలెలా ఉంటాయో చూడ్డానికి. సాయంత్రం చీకటి పడ్డాక ఒకసారి, ఆడపిల్లలు ట్యూషన్ నుంచి ఒంటరిగా నడిచొస్తున్నారా లేదా అని. వాన పడ్డ మర్నాడు ఒకసారి. వీధి చివర బండి పెట్టుకున్న ఇస్త్రీ అబ్బాయికి ఏ ఇంట్లో ఎవరు ఎన్నాళ్లుంటున్నారో అంతా తెలుసు. టులెట్ బోర్డు ఎప్పుడూ వేలాడే ఇల్లు ఏదో, ఎందుకో కూడా చెప్పాడు. కిరాణా కొట్టాయన అరువు పుస్తకం గురించి అడిగితే, "ఇక్కడ ఒకటో తారీకు జీతాలు కాదమ్మా, శనివారం కూలీలు, ఆటోనగర్ వాళ్లు ఎక్కువ. వారంవారం కట్టేస్తారు" అన్నాడు. అద్దె ఏ తారీకుకి అడగాలో అప్పుడే తెలిసింది నాకు. ఇప్పటికీ మా ఇంట్లో అద్దె రెండో శనివారం తర్వాతే.

ఎదురింటి పెద్దావిడ మంచినీళ్లిచ్చి, తన ఇంటి గోడ చూపించింది. 2005లో బుడమేరు పొంగినప్పుడు నీళ్లొచ్చిన గీత. మోకాలి పైదాకా ఉంది. "మీరు కొనే ఇంట్లో కూడా ఉంటుంది, వెనక వాటా తలుపు తీసి చూడు" అంది. వెళ్లి చూస్తే నిజంగానే తలుపు చాటున పసుప్పచ్చగా చార. ఆ చార చూపించే లక్ష తగ్గించమన్నాను. బ్రోకరు మొహం మాడ్చుకున్నాడు కానీ తగ్గించారు.

రిజిస్ట్రేషన్ అయ్యాక ఇంటికి రంగులు వేయించాం. ఆ చార మీద ముందు పుట్టీ పెట్టించి, పైన రెండు పూతలు వేయించింది నేనే.

అద్దెకి ఇవ్వడంలో నేను నేర్చుకున్నది పెద్దగా లేదు, లెక్క ఒకటి తప్ప. ఆరు వేలకిచ్చిన వాటాకి ఐదొందలు పెంచితే ఏడాదికి ఆరు వేలు వస్తాయి. ఆ ఐదొందలకి వాళ్లు ఖాళీ చేసి, ఒక్క నెల ఇల్లు ఖాళీగా ఉంటే ఆ ఆరు వేలూ పోతాయి, రంగుల ఖర్చు అదనం. ఆషాఢమో శూన్యమాసమో అడ్డొస్తే రెండు నెలలు. అందుకని పెంచమని ఎవరు చెప్పినా రెండేళ్లకోసారే పెంచాను. మోటారు పాడైతే ఆ రోజే మెకానిక్‌ని పంపాను. కొత్తవాళ్లు పాలు పొంగించుకునే రోజు పాల పాకెట్టు, కిలో పంచదార నేనే తీసుకెళతాను. మా అత్తగారు "నీ సొమ్మేం పోయింది, ఊరంతా పంచు" అనేవారు లెండి.

అలాగని అందరూ మంచివాళ్లే తగల్లేదు. ముందు వాటాలో మొదట దిగినవాళ్లు ఐదు నెలల అద్దె, కరెంటు బిల్లు ఎగ్గొట్టి ఒక రాత్రి వెళ్లిపోయారు, మేం బిగించిన రెండు ఫ్యాన్లతో సహా. ఆ తర్వాత్నుంచి రెండు నెలల అడ్వాన్సు, పదకొండు నెలల అగ్రిమెంటు, వాటాకో సబ్‌మీటరు. నోటుపుస్తకంలో ప్రతి రూపాయీ రాస్తాను. మెత్తగా ఉండాలన్నా ముందు లెక్క గట్టిగా ఉండాలి.

2018 నాటికి ముగ్గురూ కుదురుకున్నారు. ముందు వాటాలో టైలరింగ్ చేసే అమ్మాయి, ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేసే భర్త, ఇద్దరు ఆడపిల్లలు. వెనక వాటాలో పెన్షన్ మీద బతికే మామ్మగారు, ఒక్కరే. పై వాటాకి ఆటో నడిపే అబ్బాయి, భార్య, ఇద్దరు పిల్లలు వచ్చారు. ముస్లింలు. "వాళ్లకిస్తే కింద మామ్మగారు ఖాళీ చేసేస్తారండీ" అని భయపెట్టాడు బ్రోకరు. నేను మామ్మగార్నే అడిగాను. "వాళ్లేం వండుకుంటే నాకెందుకే! మెట్లు కడుగుతుందో లేదో అడుగు" అన్నారావిడ. కడుగుతానంది. ఆరేళ్లు కడిగింది కూడా.

2020లో లాక్‌డౌన్ వచ్చి ఆటో ఆగిపోతే మూడు నెలలు పై వాటా అద్దె అడగలేదు. మా లోను వాయిదాలకి మారటోరియం ఇచ్చారు కదా, దాని ధైర్యం. వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉందని తర్వాత స్టేట్‌మెంటు చూశాక మావారు చెప్పారు. ఆ అబ్బాయి ఆటోలు తిరగడం మొదలయ్యాక నెలకి వెయ్యి చొప్పున అదనంగా కట్టుకుంటూ వచ్చాడు. వద్దన్నా వినలేదు.

ఇంక అసలు సంగతికొస్తాను.

2024 ఆగస్టు 31 శనివారం అంతా వాన. ఆదివారం పొద్దున్నే టైలరమ్మాయి ఫోన్ చేసింది. "ఆంటీ, వీధిలోకి నీళ్లొచ్చేశాయి. ఇదివరకు ఎప్పుడన్నా మన ఇంట్లోకి వచ్చాయా?" అని అడిగింది. సింగ్‌నగర్‌కి వరద వచ్చిందని తనకీ తెలుసు, మన గోడ మీద గీత ఉందని తెలీదు. నేను పొయ్యి మీద ఉప్మా కలుపుతున్నాను. "ఎప్పుడో గడప దాకా వచ్చాయట అమ్మా. మనది మెరక కదా, ఏం కాదులే" అన్నాను. అబద్ధం చెప్పాలని కూడా అనుకోలేదు, నోట్లోంచి అలా వచ్చేసింది. పదకొండేళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్నదే తనకీ చెప్పాను.

పిల్ల నా మాట నమ్మి మిషన్లు మంచం మీదకెక్కించి ఊరుకుంది. కాసేపటికి నీళ్లు గడప దాటాయి, తర్వాత మంచం మునిగింది. బుడమేరు కట్టకి గండ్లు పడ్డాయని టీవీలో చూసేసరికి వాళ్ల ఫోన్లు కలవడం లేదు.

పైన ఉన్న ఆ రెండు గదుల్లో పదకొండు మంది ఉన్నారు నాలుగు రోజులు. వాళ్లు నలుగురు, టైలరమ్మాయి వాళ్లు నలుగురు, మామ్మగారు, ఎదురింటి పెద్దావిడ, ఆవిడ కోడలు. ఆటో అబ్బాయి పీకల్లోతు నీళ్లలో కిందకి దిగి మామ్మగారి బీపీ మాత్రల డబ్బా వెతికి తెచ్చాడు. ఆయన భార్య మామ్మగారి కోసం గిన్నెలు వేరుగా తోమి, పప్పు మాత్రమే వండిందట. ఉన్న బియ్యం రెండో రోజుకే అయిపోయాయి. తర్వాత డాబా మీద డ్రోన్లు దించిన పొట్లాలే. మావారు రోజూ ఫ్లైఓవర్ మీదకెళ్లి పడవలవాళ్లని బతిమాలి, పాలు, బ్రెడ్డు, కొవ్వొత్తులు పంపేవారు. అందాయో లేదో తెలిసేది కాదు. నాకు రాత్రిళ్లు ఆ ఉప్మా గరిటె, ఆ ఫోనే గుర్తొచ్చేవి.

ఐదో రోజు పడవలో బయటికొచ్చారు. టైలరమ్మాయి వాళ్లని, మామ్మగార్ని, పై వాటా వాళ్లని మా ఇంటికే తీసుకొచ్చాను. రెండు రోజుల్లో వినాయక చవితి. పత్రి లేదు, బొమ్మ లేదు. పసుపు ముద్దతో వినాయకుణ్ణి చేసి, ఇంట్లో ఉన్న బియ్యపు రవ్వతో ఉండ్రాళ్లు చేశాం. ఆటో అబ్బాయి భార్య కొబ్బరి కోరింది. కథ మామ్మగారు చూడకుండా చెప్పారు.

నీళ్లు తీశాక ఇంటికెళ్తే ఆ వాసన ఇప్పటికీ మర్చిపోలేను. ఫ్రిజ్ బోర్లా పడి ఉంది. రెండు కుట్టుమిషన్లు మోటార్లతో సహా బురద ముద్దలు. కస్టమర్ల పట్టుచీరలు, జాకెట్లు ఒకదానికొకటి రంగు అంటుకుని పడున్నాయి. వాటికి తను జవాబు చెప్పుకోవాలి. వీధి కడగడానికి ఫైరింజన్లు వచ్చాయి, ఇంట్లో బురద మాత్రం మేమే ఎత్తాం.

వెనక వాటా గోడ తుడుస్తుంటే పుట్టీ అట్టలు అట్టలుగా ఊడొచ్చింది. గుండెల దాకా కొత్త గీత. దాని కింద, తలుపు చాటున, పాత పసుపు చార. టైలరమ్మాయి గుడ్డ పట్టుకుని అక్కడే నిలబడింది.

"ఇది 2005ది. నాకు కొనేటప్పుడే తెలుసు" అన్నాను.

"ఎదురింటి పెద్దావిడ డాబా మీద చెప్పారులెండి ఆంటీ" అంది. కాసేపాగి, "ఆ పొద్దున్న చెప్పుంటే మిషన్లు పైకి చేరేసుకునేదాన్ని" అంది. అంతే. అరవలేదు, ఏడవలేదు. మళ్లీ తుడవడం మొదలుపెట్టింది. అరిచినా బాగుండుననిపించింది నాకు.

తర్వాత నష్టం రాసుకోవడానికి వచ్చారు. ముంపులో కింద ఇళ్లకి పాతిక వేలు, పై అంతస్తులకి పది వేలు అన్నారు. పక్కవీధి ఇంటి ఓనరు ఒకాయన మావారితో, "మీరే ఉంటున్నట్టు రాయించుకోండి, అద్దెవాళ్లు రేపు ఉంటారో పోతారో" అన్నాడు. మావారు వెంటనే కాదనలేదు. తప్పు పట్టను, లోను ఉంది, గోడలు నానిపోయాయి, కరెంటు వైరింగ్ అంతా మార్చాలి. రాత్రి ఇద్దరం కొంచెం గట్టిగానే అనుకున్నాం. మర్నాడు నా నోటుపుస్తకం తీసుకెళ్లి ఏ వాటాలో ఎవరు ఏ తారీకు నుంచి ఉంటున్నారో చూపించి రాయించాను. మావారు పక్కనే నిలబడ్డారు, ఏమీ అనలేదు. డబ్బు వాళ్ల ఖాతాల్లోనే పడింది.

మూడు నెలలు ఎవరి దగ్గరా అద్దె తీసుకోలేదు. టైలరమ్మాయికి ఒక మిషను కొనిచ్చాను. తీసుకుంది. పాతవి రెండు, ఇది ఒకటి. చీరలకి తను కట్టిన డబ్బెంతో ఎప్పుడూ చెప్పలేదు.

ఇల్లు బాగుచేయించినప్పుడు స్విచ్‌బోర్డులన్నీ ఐదడుగుల ఎత్తుకి ఎక్కించాం. మీటర్లు మెట్ల మీదకి మార్పించాం. కింద రెండు వాటాల్లోనూ మనిషి ఎక్కి కూర్చోగలిగేంత అటక కట్టించాం. పల్లంలో ఇల్లున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ముందు మీటరు సంగతి చూసుకోండి. గోడలకి రంగులేసే అబ్బాయికి మాత్రం తలుపు చాటున ఆ రెండు గీతలూ వదిలేయమని చెప్పాను. పక్కన 2005, 2024 అని నేనే పెయింటుతో రాశాను. "ఇల్లు ఎవరు తీసుకుంటారండీ ఇలా రాసుకుంటే" అన్నాడతను.

టైలరమ్మాయి పెద్దపిల్ల టెన్త్ పరీక్షలయ్యేదాకా ఉండి, వేసవి సెలవుల్లో ఊళ్లోకి మారిపోయింది. అడ్వాన్సు లెక్క చూసి ఇచ్చేశాను. నా జాకెట్లు ఇప్పటికీ తనే కుడుతుంది. కొలతలు తీసుకునేటప్పుడు పిల్లల గురించి, మామ్మగారి గురించి అడుగుతుంది. ఇంటి గురించి అడగదు.

ముందు వాటా చూడ్డానికి మొదట వచ్చినవాళ్లు గీతలు చూసి బయట్నుంచే వెళ్లిపోయారు. రెండోసారి కొత్తగా పెళ్లైన జంట వచ్చింది. ఆ అమ్మాయి వెనక వాటా దాకా వెళ్లి, తలుపు తీసి, పై గీత దగ్గర తన భుజం ఆనించి కొలుచుకుంది. బయటికొచ్చి, "నీళ్లొచ్చే ఇల్లు కదండీ, ఐదొందలు తగ్గించుకోండి" అంది. మావారు నా వైపు చూశారు. ఆ చార చూపించే కదా నేను లక్ష తగ్గించుకున్నది. సరేనన్నాను.

మంచి రోజు చూసుకుని వచ్చే గురువారం దిగుతున్నారు. పాల పాకెట్టు, పంచదార తీసుకెళ్లాలి. పైన సామాను పెట్టుకోవడానికి ఒక మూల ఇస్తానని ఆటో అబ్బాయి భార్య అప్పుడే ఆ పిల్లకి చెప్పేసిందట.