లంబసింగి దిగేటప్పుడు అద్దం జాగ్రత్త

లంబసింగి మంచు చూడాలంటే తెల్లారకముందే నర్సీపట్నం దాటేయాలి. డౌనూరు తర్వాత ఘాట్ మొదలు. ఊరు దాదాపు 1,000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. డిసెంబర్, జనవరిలో చలి ఎలా ఉంటుందో రీల్స్‌లో చూసే ఉంటారు. రీల్స్‌లో కనిపించనిది తిరుగు ప్రయాణం. పొద్దున దిగేటప్పుడు కారు ముఖం ఆగ్నేయం వైపు. చలికాలం సూర్యుడు పొడిచేదీ అటే! అద్దం మీద కాస్త మురికి ఉన్నా చాలు, ఎండ పడగానే మొత్తం తెల్లగా మెరిసిపోయి రోడ్డు మాయమవుతుంది.

మొన్న నేనూ మా బావా ఎక్కుతుంటే ముందు లారీ చక్రాల బురద మా అద్దం మీద చిమ్మింది. లీవర్ లాగితే లోపల 'జుయ్'మని చప్పుడు, నీళ్లు మాత్రం రాలేదు. వైపర్ ఆపేశాం. పొడి బురద మీద అది తిరిగితే అద్దానికి గీతలు ఖాయం. సీసాలో నీళ్లు పోసి, గుడ్డతో తుడుచుకుని ఎలాగో పైకి చేరాం.

టీ కొట్టు దగ్గర ఓ జీపన్న చూసి, "ఏటైంది తమ్ముడూ?" అన్నాడు.

"నీళ్లు రావట్లేదన్నా."

"మోటారు సౌండొత్తందా?"

అసలు ప్రశ్న అదే. చప్పుడే లేకపోతే ముందు ఫ్యూజు, తర్వాత మోటారుకి వెళ్లే వైరు కనెక్షన్ చూడాలి. రెండూ బాగుంటే మోటారు పోయినట్టే. చప్పుడు వస్తుంటే ట్యాంకు ఖాళీ అయినా కావాలి, పైపు ఊడైనా ఉండాలి, నాజిల్ మూసుకుపోయైనా ఉండాలి. మా ట్యాంకు నిండుగానే ఉంది. ఇంజిన్ ఆపి, తాళం మాత్రం ఆన్‌లో ఉంచి, బావని లీవర్ లాగమన్నాడు. బానెట్ కీలు పక్కన నీళ్లు జారుతున్నాయి. బానెట్ తెరిచి మూసే ప్రతిసారీ అక్కడ సన్న రబ్బరు పైపు వంగుతుందట. జాయింట్ దగ్గర ఊడిపోయింది. గట్టిగా నొక్కి పెట్టేశాడు.

ఎడమవైపు ఫౌంటెన్‌లా వచ్చింది. కుడివైపు చుక్క లేదు! డ్రైవర్‌కి కావాల్సిందేమో అదే వైపు. నాజిల్ రంధ్రంలో తెల్లటి ఉప్పు పేరుకుంది, బోరు నీళ్ల ప్రసాదం. టీ కొట్టు అమ్మ చేతిగాజులకున్న పిన్నీసు తీసిచ్చింది. "నెమ్మదిగా పొడు, లోపల ఇరిగితే అదో గోల" అంటూ జీపన్న పక్కనే నిలబడ్డాడు. నాలుగోసారి లాగితే నీళ్లు అద్దం దాటి మా బావ జాకెట్ మీద పడ్డాయి. ఆ చలిలో ఆయన పెట్టిన కేక చెరువుల వేనం దాకా వినిపించే ఉంటుంది.

డబ్బులివ్వబోతే జీపన్న తీసుకోలేదు, టీ మాత్రం తాగాడు.

దిగుతుంటే ఎండ సరిగ్గా కళ్లలోకే కొట్టింది. రెండుసార్లు నీళ్లు కొట్టి వైపర్ వేశాం. మలుపులో ఎదురుగా ఆర్టీసీ బస్సు. దాని బోర్డు మీద ఊరి పేరు కూడా చదవగలిగాం.