లేసూ తరవాణీ

పొద్దున్నే అన్నం వార్చి, గంజి చల్లారాక తరవాణి కుండలో పోసేస్తే ఇక ఆ పూటకి కుండతో మనకు పనుండదు. నిన్న అడుగున మిగిల్చిన పులుపు కొత్త గంజిని అందుకుంటుంది. కంటికి ఆనని సూక్ష్మజీవులు అందులోని పిండిపదార్థాన్ని తిని లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తాయి. ఆ పులుపు ఉన్నచోట చెడ్డ క్రిములు తేలిగ్గా పెరగలేవు. వేసవిలో రాత్రికి రాత్రే పులుస్తుంది, చలికాలంలో ఇంకాస్త సేపు పడుతుంది. మట్టికుండ గోడల్లోంచి చెమ్మ పైకొచ్చి ఆవిరవుతూ ఉంటుంది గనక లోపల చల్లగానే ఉంటుంది. నేను రెండు నిమ్మాకులు వేసి, మూతికి పల్చటి గుడ్డ కడతాను. కుండను ఏనాడూ అడుగంటా ఖాళీ చెయ్యను, తోడుకి కొంచెం ఉండాలి. మధ్యాహ్నం ఆ తరవాణి పోసుకున్న అన్నంలోకి ఆవకాయ ముక్కా పచ్చి ఉల్లిపాయా ఉంటే ఎండాకాలం ఎంతో హాయిగా గడిచిపోతుంది.

ఈలోగా నా చేతిలో క్రోషే సూది ఉంటుంది. నరసాపురం, పాలకొల్లు వైపు దీన్ని లేసు అల్లిక అంటారు. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలతో పాటు గోదావరి డెల్టాకు వచ్చిన విద్య ఇది. కొన దగ్గర చిన్న కొక్కెం ఉన్న ఉక్కు సూదీ, తెల్ల నూలు దారం ఉండా ఉంటే చాలు. గొలుసు అల్లి, దాని రెండు కొసలూ కలిపి చుట్టుగా చేసి, ఆ చుట్టు మీద ఒక్కో రేకూ లేపుకుంటూ పోతే పువ్వవుతుంది. అంతా ఒకే దారం. లెక్క తప్పిందనిపిస్తే కొస పట్టి లాగుతాను. ఏ నష్టమూ లేకుండా దారం దారంగానే తిరిగొస్తుంది. ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చే గుణం అదే.

ఈ అల్లికను అచ్చంగా ఇలాగే చేసే యంత్రం ఇప్పటికీ లేదు. తరవాణి తనంతట తానే పులుస్తుంది గానీ, లేసులో ప్రతి కుట్టూ ఎవరో ఒకరి చేతి మీదుగా పోవలసిందే. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా మరియా మీస్ గుర్తొస్తుంది. ఆమె జర్మన్ సామాజికవేత్త. నరసాపురం లేసు అల్లే ఆడవాళ్ల మీద ఆమె రాసిన పుస్తకం 1982లో అచ్చయింది. ఇళ్ల దగ్గర కూర్చుని కొందరు పువ్వులు అల్లితే, మరికొందరు వాటిని అతికేవారు. ఆ సరుకు ఏజెంట్ల ద్వారా వ్యాపారులకు చేరి, అక్కణ్ణించి ఓడలెక్కి విదేశాలకు వెళ్లేది. ఇంటెడు చాకిరీ చేసి, ఆ పైన గంటల తరబడి అల్లినా వాళ్లను ఎవరూ కార్మికులుగా లెక్కపెట్టలేదు. ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లు తీరిక వేళల్లో చేసుకునే పనిగానే చూశారు. కూలి అంత అధ్వాన్నంగా ఉండిపోవడానికి ఆ చూపే కారణమన్నది ఆమె వాదన. నాకది నూటికి నూరుపాళ్లూ సబబనిపిస్తుంది.

నాకు దొరికింది మాత్రం నిజమైన తీరికే. గడువు చెప్పేవాళ్లు లేరు, పువ్వులు లెక్కబెట్టుకుని తీసుకెళ్లే ఏజెంటు లేడు. కళ్లు లాగితే సూది పక్కన పెట్టేసి కుండ దగ్గరికి వెళ్లి వాసన చూసొస్తాను. సూదీ దారమూ నరసాపురం ఆడవాళ్లవీ నావీ ఒకటే అయినా, ఎప్పుడు ఆపాలో వాళ్ల చేతిలో లేదు, నా చేతిలో ఉంది. అల్లికలోని సుఖమంతా ఆ ఒక్క వెసులుబాటులోనే ఉందని రోజులు గడిచేకొద్దీ నాకు గట్టిగా అనిపిస్తోంది.

2024లో నరసాపురం లేసుకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఎంతో సంతోషించాను. పేరుతో పాటు కూలీ పెరగాలని మనసారా కోరుకుంటున్నాను. ఎక్కడైనా లేసు బల్లగుడ్డ చూస్తే చెయ్యి ముందు పువ్వుల మీదికే వెళుతుంది. ఒక్కో పువ్వుకీ ఎంతసేపు పడుతుందో వేళ్లకు తెలుసు. వరస తర్వాత వరస లెక్కబెట్టుకుని, ఆ గంటలన్నీ కూడి, అప్పుడు ధర చీటీ చూస్తాను. ఆ తర్వాత బేరమాడటానికి నోరు రాదు.