రాణిగారు వాళ్లకి, రాజ్యం నాకు

రాణి బట్టలు నేను కుట్టలేదు. ఆవిడ కోసం ముంబై నుంచి డిజైనర్ వచ్చారు, వాళ్ల టైలర్లు వచ్చారు, ఇస్త్రీపెట్టె కూడా వాళ్లదే. నా వాటాకి మిగిలింది రాజ్యం. సైనికులు, పరిచారికలు, పూజారులు, సంతలో బేరమాడే జనం, శాసనం చెక్కే శిల్పి, ఆవిడ ఎక్కే గుర్రానికి కళ్లెం పట్టుకునే మనిషి, అందరూ నా ఖాతాలోనే. కథ కాకతి రుద్రమది. సినిమా పేరు చెప్పను. 2015లో గుణశేఖర్ గారు తీసిన ‘రుద్రమదేవి’ మాత్రం కాదు. దానికి దుస్తులు నీతా లుల్లా గారు చూశారు, సెట్లు తోట తరణి గారు వేశారు, నేను టికెట్టు కొనుక్కుని చూశాను.

మొదటి మీటింగులో నా చేతికి ఒక ఫైలు ఇచ్చారు. తిరగేస్తే సగం రాజస్థాన్ కోటలు, సగం పాత హిందీ సినిమాలు. ఘాగ్రాలు, అంగరఖాలు, తలపాగాల మీద కలికితురాయిలు. మన కథేమో పదమూడో శతాబ్దపు ఓరుగల్లులో. అక్కడ వాదన పెట్టుకుంటే పని పోతుందని తెలుసు. ఫైలు సంచిలో పెట్టుకుని, మా అసిస్టెంటు కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వరంగల్ బస్సెక్కాను.

కాకతీయుల నాటి బట్టలు చూడాలంటే పాలంపేట వెళ్లాలి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి అది. లోపల స్తంభాల మీదా దూలాల మీదా ఆడేవాళ్లు, మద్దెల వాయించేవాళ్లు, యుద్ధానికి కదిలిన వాళ్లు చిన్నచిన్న బొమ్మలుగా ఉంటారు. బయట చూరు కింద నల్లరాతి మదనికలు. జనం నగల పనితనం చూసి మురిసిపోతారు. నా కళ్లు బట్ట అంచు కోసం వెతుకుతాయి. తొడ మీద సన్నగీతలు కనిపిస్తే అక్కడ బట్ట ఉన్నట్టు. నడుం దగ్గర ముడి ఎటు తిరిగింది, కుచ్చిళ్లు ఎక్కడ దోపారు, కొంగు ముందుకు వేలాడిందా వెనక్కి పోయిందా, అన్నీ రాతిలో ఉన్నాయి. లేనిదల్లా కుట్టు. భుజం దగ్గర అతుకుగానీ చంక కిందికి కత్తిరింపుగానీ నాకెక్కడా కనబడలేదు. కట్టడం, చుట్టడం, దోపడం, అంతే. ముప్పై ఏళ్లుగా కుట్టుమిషను తొక్కినవాడికి ఇది మింగుడుపడని సంగతే.

ఆ మదనికల్లో ఒకామె కాళ్లకి ఎత్తు మడమల చెప్పులున్నాయి. మా కుర్రాడు ఫొటో తీసి, “మాస్టారూ, హీల్స్!” అని కేకేశాడు. ఆ ఫొటో డైరెక్టరుగారికి చూపించాను. నవ్వి, “ఇది పెడితే జనం మనల్నే నవ్వుతారు మాస్టారూ” అన్నారు. రాతిలో ఉన్నది అలా పోయింది. ఎక్కడా లేని ఘాగ్రా మాత్రం పరిచారికల పాటలో నిలబడింది. చరిత్ర సినిమాల్లో మేం ఓడిపోయే చోటు ఇదే. ప్రేక్షకుడు నమ్మేది శాసనాన్ని కాదు, అంతకుముందు చూసిన సినిమాని.

రుద్రమ విషయానికొస్తే ఆధారాలు మరీ అంత కరువేం కాదు. గణపతిదేవుడి కూతురు. శాసనాల్లో రుద్రదేవ మహారాజు అనే మగపేరుతో కనిపిస్తుంది. సుమారు 1262 నుంచి 1289 దాకా ఏలింది. వరంగల్ దగ్గర బొల్లికుంటలో దొరికిన ఒక శిల్పాన్ని పురావస్తు శాఖవాళ్లు ఆవిడదేనని గుర్తించారు. గుర్రం మీద, కుడిచేత కత్తి, ఎడమచేత కళ్లెం, పైన గొడుగు, ఒంటి మీద మగవాళ్ల వేషం. మన తెర మీద ఆవిడ పక్కకి వాలిన పైటతో, మెడ నిండా నగలతో యుద్ధానికి పోతుంది. ఆ మాట అనడానికి నాకు హక్కు లేదు, రాణి నా డిపార్ట్‌మెంటు కాదుగా!

మార్కోపోలో ఈ రాజ్యపు బట్ట గురించి రాశాడు. సాలెగూడులా ఉంటుందట, అంత పలుచన. అలాంటి బట్ట ఇప్పుడు దొరకదు. దొరికినా సెన్సారువాళ్లు ఒప్పుకోరు.

నేను తానులకు తానులు కోరా బట్ట తెచ్చాను. ఆర్టు డిపార్ట్‌మెంటువాళ్లు పోచంపల్లి ఇక్కత్తు వేస్తే తెలంగాణతనం ఉట్టిపడుతుందన్నారు. పోచంపల్లికి ఆ పని ఇరవయ్యో శతాబ్దంలో చీరాల వైపు నుంచి వచ్చిందని చెప్పి బతిమాలుకున్నాను. చిరువేరు ఎరుపు, నీలిమందు నీలం, పసుపు, కరక్కాయ గోధుమరంగు, వీటికి దగ్గరగా పోయే రంగులు కలిపి డ్రమ్ముల్లో ముంచాం. నిజం చెప్పాలంటే రంగులన్నీ కెమికల్సే. అంతమందికి చిరువేరు ఎక్కణ్ణుంచి తెస్తాం? రంగు వేయడం సులువే, దాన్ని చంపడమే కష్టం. టీ డికాషన్‌లో నానబెట్టాలి, ఎర్రమట్టి నీళ్లలో పిండాలి, మోకాళ్ల దగ్గర గరుకు కాగితంతో రుద్దాలి. మట్టి అంతటా ఒకేలా పట్టకూడదు. కావడి మోసేవాడికి భుజం మీద, కుమ్మరికి తొడల మీద, పూజారికి అంచు మాత్రమే. సంత సీనులో సెట్టువాళ్లు గుమ్మాలకి బంతిపూల దండలు కట్టి, గంపల్లో ఎండుమిరపకాయలు పోశారు. బంతీ మిరపా రెండూ పోర్చుగీసువాళ్ల రాకతో మన దేశం చేరినవి. అది మన గొడవ కాదని నోరు మూసుకున్నాను.

యుద్ధం సీన్లకి జూనియర్ ఆర్టిస్టులు తెల్లవారుజామున బస్సుల్లో దిగుతారు. వందల మందికి గోచీ కట్టాలి. ఈ కాలం కుర్రాళ్లకి గోచీ కట్టుకోవడం రాదు, వచ్చినవాళ్లు నమ్మరు. “అన్నా, జారిపోతదే!” అన్నమాట వంద నోళ్ల వెంట వింటాను. లోపల ఎలాస్టిక్ పట్టీ, వెనక రెండు పిన్నులు. కట్టాక ఒక్కొక్కణ్ణీ నిలబెట్టి పైనుంచి కిందికి చూడాలి. మణికట్టు మీద ఎర్రదారం కత్తిరించాలి, వాచీ తెల్లమచ్చకి మేకప్ రాయించాలి, ముక్కు మీద కళ్లజోడు గుంట కప్పించాలి. అన్నిటికన్నా మొండిది భుజం మీది టీకా మచ్చ. కాకతీయ సైన్యంలో ఒక్కడికీ ఉండడానికి వీల్లేని మచ్చ అది. దండకడియాలు పెట్టించింది అందం కోసం కాదు, ఆ మచ్చ మీద కూర్చోబెట్టడానికే. సెల్‌ఫోను ఇంకో బెడద. వద్దంటే డాలు వెనక దాచుకుంటారు, షాటు మధ్యలో మోగుతుంది. చివరికి పంచె లోపలివైపు జేబు కుట్టిచ్చి సైలెంటులో పెట్టుకోమన్నాను. కుట్టు కనబడని రాజ్యంలో నేను కుట్టిన కుట్టు అదే.

గుర్రం మీద దూకే షాట్లకి రాణికి డూప్ ఉన్నాడు. మగపిల్లాడు, మంచి ఫైటరు, భుజాలు వెడల్పు. రాణి కవచం అతనికి పట్టలేదు. ముంబై వాళ్లు వెళ్లిపోయారు కాబట్టి ఆ పని నా మీద పడింది. ఫోమ్ షీటు కోసి, వేడిగాలికి వంచి, అంటించి, ఇనుప రంగు కొట్టాను. మగవేషంలో ఏలిన రాణిగా నటిస్తున్న హీరోయిన్‌కి ఆడవేషం వేసిన మగవాడు. అతని మీసం గొరిగించేటప్పుడు మా గుడారమంతా నవ్వులే.

నేను ఎక్కువ శ్రద్ధ పెట్టింది మాత్రం ఒక్క మనిషి మీద. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం ఉంది. రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారని, వారి పుణ్యం కోసం దేవుడికి భూమి ఇస్తున్నానని ఆ నాయకుడి భృత్యుడు పువ్వుల ముమ్మడి వేయించాడు. రాణి చనిపోయిన సంగతి మనకి చెప్పింది ఆ నౌకరే. కథలో అతనికి ఒకే సీను, మాట కూడా లేదు. అతని పంచెని చాలాసార్లు ఉతికించి, అంచు పోగులు చేత్తో లాగి, ఉత్తరీయానికి ఒక పక్క చిరుగు పెట్టి, అదే రంగు దారంతో కలిపాను. యజమాని పోయినరోజు నౌకరు కొత్తబట్ట కట్టడు, మాసినదీ కట్టడు. దాచుకున్నది తీస్తాడు. ఎడిటింగులో ఆ సీను పోయింది. నిడివి ఎక్కువైందన్నారు.

ఈమధ్య మళ్లీ చరిత్ర కథల మీద మోజు పెరిగింది. తీయబోయేవాళ్లకి నా మనవి ఒకటే. రాణి నగలకి పెట్టే డబ్బులో పదోవంతు జనం బట్టలకి పెట్టండి. షూటింగుకి పదిరోజుల ముందు కాదు, రెండు నెలల ముందు మమ్మల్ని పిలవండి. బట్ట పాతబడడానికి కనీసం అంత టైము కావాలి.